యేట్స్ కౌంటీ: సరస్సుల గట్టున పట్టాల కథ

యేట్స్ కౌంటీ న్యూయార్క్ రాష్ట్రంలోనిదే అయినా, న్యూయార్క్ నగరానికీ దానికీ పోలిక లేదు. నగరం నుంచి కారులో వాయవ్య దిశగా దాదాపు 5 గంటలు ప్రయాణిస్తే ఆ పొలాలు మొదలవుతాయి. తూర్పు హద్దు సెనెకా సరస్సు. వాయవ్యపు అంచున కెనన్‌డేగ్వా సరస్సు. నడిమధ్యలో క్యూకా సరస్సు. ఈ మూడింటి మధ్య మిట్టపల్లాల మీద గోధుమ, మొక్కజొన్న, పశుగ్రాసం, ద్రాక్ష పండుతాయి. విస్తీర్ణం దాదాపు 970 చదరపు కిలోమీటర్లు. అందులో పదో వంతు నీళ్లే. అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లా లాంటిదని చెబుతారు కానీ, 2020 జనగణన ప్రకారం ఇక్కడి జనాభా 25 వేల లోపే. మన దగ్గర ఒక మోస్తరు మండలంలో ఉండే జనంలో సగం కూడా కాదు. ఆ కొద్దిమందిలోనే గుర్రపు బండి మీద తప్ప కదలని రైతులున్నారు, బయటి ప్రపంచానికి ద్రాక్షసారా అమ్మే తోటల వాళ్లున్నారు. రెండు శతాబ్దాల కిందట ఇదే నేల మీద, పాత పేరు ఇక తనది కాదని ప్రకటించిన ఒక బోధకురాలి మతం ఊళ్లు కట్టింది.

ఉత్తరాన ఉన్న జెనీవా పట్టణం నుంచి సెనెకా సరస్సు పడమటి గట్టు వెంట దక్షిణంగా వచ్చే 14వ నంబరు రోడ్డు ఈ ప్రాంతాన్ని చూడటానికి సరైన దారి. ఎడమవైపు నీళ్లు, కుడివైపు మెల్లగా పైకి లేచే పొలాలు. ఈ సరస్సులన్నీ ఉత్తర దక్షిణాలుగా సన్నగా, పొడవుగా సాగిపోతాయి. అందుకే వీటిని వేళ్ల సరస్సులు అంటారు. పూర్వపు నదీ లోయల్లోకి హిమానీనదాలు దిగి, వాటిని లోతుగా తవ్వి వదిలేసిన గుంటలివి. సెనెకా లోతు 618 అడుగులు. అంత లోతున్న నీరు వేసవిలో మెల్లగా వేడెక్కుతుంది, చలికాలంలో మెల్లగా చల్లబడుతుంది. చుట్టూ నేల బిగుసుకుపోయినా సెనెకా దాదాపు ఎప్పుడూ పూర్తిగా గడ్డకట్టదు. వసంతంలో ఆ చల్లటి నీరు గట్టు మీది తీగల చిగుళ్లను తొందరపడనివ్వదు. దాంతో ఆలస్యంగా పడే మంచుకు అవి చిక్కవు. శరదృతువులో అదే నీరు వెచ్చగా ఉండి తొలి మంచును కొన్ని వారాలు ఆపుతుంది. బరువైన చల్లగాలి ఏటవాలు మీదుగా కిందికి జారిపోతుంది. కాబట్టి ఇక్కడ గట్టు నుంచి మైలు దూరంలో ఉన్న పొలమూ, గట్టు మీది పొలమూ ఒకే ఊళ్లో ఉన్నా ఒకే వాతావరణంలో ఉండవు. నేలలోనూ ఇలాంటి తేడాయే. ఉత్తరాన బెంటన్ వైపు సున్నపురాయి అరిగి కలిసిన మంచి గరప నేల. నైరుతిలో ఇటలీ అనే టౌన్ వైపు నిట్రమైన కొండలు, పలుచటి మట్టి. ఎవరు ఎక్కడ స్థిరపడ్డారో, ఎవరు ఎప్పుడు వదిలి వెళ్లిపోయారో చాలావరకు ఈ తేడాయే నిర్ణయించింది.

మొదటి రైతులు సెనెకాలు. ఆరు జాతుల హోదెనొషోనీ సమాఖ్యలో పడమటి వాకిలి కాపలా వాళ్లది. ఐరోపా వాళ్లు ఈ సమాఖ్యను ఇరొక్వా అన్నారు. వ్యవసాయం ఆడవాళ్ల చేతిలో ఉండేది. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి మూడూ ఒకే పాదులో పెట్టేవారు. మొక్కజొన్న కాండం మీదికి చిక్కుడు పాకుతుంది, గుమ్మడాకులు నేలను కప్పి తేమను కాపాడతాయి. ఐరోపా నుంచి వచ్చిన ఆపిల్, పీచ్ చెట్లను కూడా వాళ్లు తోటలుగా పెంచారు. కౌంటీ ఉత్తరపు సరిహద్దు దగ్గర, సెనెకా గట్టున, కాషాంగ్ అనే ఊరు ఉండేది. 1779 సెప్టెంబరులో ఆ ఊరు లేకుండా పోయింది.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సెనెకాలలో ఎక్కువమంది బ్రిటిష్ వారి పక్షాన ఉన్నారు. సరిహద్దు పల్లెల మీద దాడులు జరిగాయి. దానికి బదులుగా జార్జి వాషింగ్టన్ జనరల్ జాన్ సలివన్‌ను పంపించాడు. ఆజ్ఞ స్పష్టంగానే ఉంది: ఊళ్లను ఆక్రమించడం కాదు, నాశనం చేయడం. 4 వేల మందికి పైగా సైనికులు సరస్సుల వెంట నడిచి దాదాపు 40 ఊళ్లను తగలబెట్టారు. కనీసం లక్షా 60 వేల బుషెళ్ల మొక్కజొన్నను ధ్వంసం చేశామని సలివన్ తన నివేదికలో రాసుకున్నాడు. కాపు మీదున్న పీచ్ చెట్లను కూడా నరికించాడు. నిరాశ్రయులైన వేల మంది నయాగరా కోట చుట్టూ ఆ భయంకరమైన చలికాలం గడిపారు. ఆకలితోనూ చలితోనూ చాలామంది పోయారు. ఇక సైనికులు? వాళ్లలో కొందరు న్యూ ఇంగ్లండ్ రాళ్ల నేలల్లో పుట్టిన రైతుబిడ్డలు. తాము తగలబెడుతున్న పైరు ఎత్తు చూసి దినచర్యల్లో ఆశ్చర్యంగా రాసుకున్నారు. యుద్ధం ముగిశాక ఈ నేల సంగతి ఊరూరా పాకడానికి వేరే ప్రచారం అవసరం లేకపోయింది.

భూమి సెనెకాలది. అయితే దాన్ని వాళ్ల నుంచి కొనే హక్కు ఎవరిది అన్నదాని మీద రెండు రాష్ట్రాలు తగువులాడుకున్నాయి. పాత రాజశాసనాల బలంతో మసాచుసెట్స్, న్యూయార్క్ రెండూ ఈ నేల తమదే అన్నాయి. 1786లో హార్ట్‌ఫర్డ్‌లో రాజీ కుదిరింది. పాలన న్యూయార్క్‌ది, కొనుగోలు హక్కు మసాచుసెట్స్‌ది. పెన్సిల్వేనియా సరిహద్దు నుంచి నేరుగా ఉత్తరానికి ఒక గీత గీసి, దానికి పడమట ఉన్నదంతా ఈ ఒప్పందం కిందికి వస్తుందన్నారు. సెనెకాలను ఎవరూ అడగలేదు. 1788లో ఆలివర్ ఫెల్ప్స్, నతానియల్ గోరమ్ అనే ఇద్దరు మసాచుసెట్స్ వ్యాపారులు ఆ హక్కును, అంటే దాదాపు 60 లక్షల ఎకరాలను కొనుక్కునే హక్కును, 10 లక్షల డాలర్ల ముఖవిలువ గల రాష్ట్ర పత్రాలకు బేరమాడారు. ఆ పత్రాల అసలు విలువ అప్పటికి చాలా తక్కువ. బేరం బాగా కలిసివచ్చిందనే అనుకున్నారు. అదే ఏడు జులైలో బఫలో క్రీక్ దగ్గర సెనెకాలతో ఒప్పందం చేసుకుని దాదాపు 26 లక్షల ఎకరాలు రాయించుకున్నారు. ఇచ్చింది 5 వేల డాలర్లు, ఆపైన ఏటా 500. తమకు చెప్పిన మొత్తం దీనికి రెట్టింపని సెనెకా నాయకుడు కార్న్‌ప్లాంటర్ తరవాత వాషింగ్టన్‌కే మొరపెట్టుకున్నాడు. ఫలితం లేకపోయింది. ఫెల్ప్స్, గోరమ్‌లకు కూడా ఈ లాభం దక్కలేదు. 1790లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాల అప్పులను నెత్తిన వేసుకోవడంతో ఆ పత్రాల విలువ పెరిగింది. వాయిదాలు కట్టలేక మిగిలిన భూమి వదులుకున్నారు.

ఆ సరిహద్దు గీత గీయడంలోనే తప్పు జరిగింది. మొదటి సర్వేలో గీత ఉత్తరానికి పోతున్నకొద్దీ పడమటికి జరిగిపోయింది. జెనీవా ఊరు గీతకు తూర్పున, అంటే న్యూయార్క్ భాగంలో పడింది. అది పొరపాటు కాదు, కావాలని చేసిందని చాలామంది అప్పుడే అనుమానించారు. 1792 ప్రాంతంలో మళ్లీ కొలిచి సరైన గీత వేశారు. రెండు గీతల మధ్య సన్నటి చీలిక ఒకటి మిగిలింది. అందులో అప్పటికే దుక్కి దున్ని గోధుమ పండిస్తున్న జనం ఉన్నారు. వాళ్ల పట్టాల మాట ఏమిటి? పాత గీతను ఇప్పటికీ ప్రీ-ఎంప్షన్ రోడ్డు గుర్తుచేస్తుంది. పొలాల మధ్య నుంచి తిన్నగా పోయే ఆ రోడ్డు మీద ప్రయాణం చేసేవారికి ఇదొక వ్యాజ్యాల హద్దని తెలియదు.

ఆ చీలికలో చిక్కుకున్నవారే ఈ కౌంటీ తొలి తెల్ల వలసదారులు. వాళ్లను ఇక్కడికి రప్పించినది ఒక జ్వరం. రోడ్ ఐలండ్‌లోని కంబర్లాండ్‌లో 1752లో క్వేకర్ క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జెమీమా విల్కిన్సన్‌కు 1776 అక్టోబరులో తీవ్రంగా జబ్బు చేసింది. లేచాక, జెమీమా చనిపోయిందని, ఆ దేహంలో ఇప్పుడున్నది ఆడా మగా కాని ఒక దైవాత్మ అని ప్రకటించి, ‘పబ్లిక్ యూనివర్సల్ ఫ్రెండ్’ అని పిలవమన్నారు. పాత పేరుకు ఆ తరవాత ఎన్నడూ పలకలేదు. మగ బోధకులు వేసుకునే నల్లటి పొడవాటి అంగీ, మెడకు గుడ్డ, వెడల్పు అంచుల టోపీ వేసుకుని గుర్రం మీద ఊరూరా తిరిగి బోధించారు. బోధలో మరీ కొత్తదేమీ లేదు. పశ్చాత్తాపం, సాదా జీవితం, బానిసత్వానికి వ్యతిరేకత, వీలైతే బ్రహ్మచర్యం. అయితే ఒక యువతి దేహంతో ఉన్న వ్యక్తి ఇలా నిలబడి మాట్లాడటం ఆనాటి జనానికి వింత. రోడ్ ఐలండ్‌లోనూ, కనెటికట్‌లోనూ ఆస్తిపరులైన కుటుంబాలు వెంట నడిచాయి. ఫిలడెల్ఫియాలో రాళ్లు కూడా పడ్డాయి. లోకానికి దూరంగా తమదైన ఊరు కట్టుకోవాలని ఫ్రెండ్, అనుచరులు నిశ్చయించుకున్నారు.

1788లో జేమ్స్ పార్కర్ నాయకత్వాన పాతికమంది సెనెకా సరస్సు గట్టుకు చేరారు. ఇప్పటి డ్రెస్డెన్ ఊరికి దగ్గర్లో, సిటీ హిల్ అని పిలిచే మిట్ట మీద గుడిసెలు లేచాయి. 1790లో ఫ్రెండ్ వచ్చారు. ఆ ఏటి జనగణన నాటికి పడమటి న్యూయార్క్‌లో తెల్లవాళ్ల ఊళ్లన్నిటిలోకీ ఇదే పెద్దది, సుమారు 260 మంది. క్యూకా సరస్సు నుంచి సెనెకాలోకి దూకే ఏరు మీద ఆ ఏడే పిండిమర కట్టారు. ఆ ప్రాంతమంతటికీ అదే మొదటి మర. చుట్టుపక్కల ఎవరికి ధాన్యం ఆడించాలన్నా ఇక్కడికే రావాలి. 1794లో కెనన్‌డేగ్వాలో హోదెనొషోనీలకూ అమెరికా ప్రభుత్వానికీ ఒడంబడిక జరిగినప్పుడు ఫ్రెండ్ అక్కడికి వెళ్లి ఇరుపక్షాల ముందూ ప్రార్థన చేశారు. ఆ ఒడంబడిక ప్రకారం ఇవ్వాల్సిన గుడ్డను ప్రభుత్వం ఇప్పటికీ ఏటా పంపిస్తూనే ఉంది.

కథ చెడింది భూమి దగ్గరే. సొమ్ము అందరూ వేసుకున్నారు, పట్టాలు మాత్రం కొద్దిమంది పేర్ల మీదికి వచ్చాయి. గీత మారినప్పుడు రాష్ట్రంతో మాట్లాడి పత్రాలు తెచ్చుకున్నది పార్కర్, పాటర్ వంటి పెద్దలే. పేద అనుచరులకు కొద్దిగా దక్కింది, కొందరికి అదీ లేదు. ఫ్రెండ్ 1794లో తన దగ్గరివారితో ఇంకా పడమటికి, క్యూకా సరస్సు పడమటి పాయకు పైనున్న నేలకు వెళ్లిపోయారు. ఆ టౌన్ పేరు జెరూసలేం, నేటికీ అదే. ఇక్కడ ఇంకొక చిక్కు. పాత పేరు వాడనని ప్రతిజ్ఞ, కొత్త పేరు దస్తావేజులో చెల్లదు. అందువల్ల ఆ భూమిని అక్కడికి వెళ్లకముందే నమ్మకమైన శిష్యురాలు సేరా రిచర్డ్స్ పేరున రాయించారు. మన భాషలో చెప్పాలంటే బినామీ. సేరా 1793లోనే మరణించింది. ఆమె కూతురు ఎలైజా, బ్రహ్మచర్యం బోధించే ఆ ఇంట్లోంచి వెళ్లిపోయి ఎనక్ మేలిన్‌ను పెళ్లాడింది. తల్లి పేరున ఉన్న భూమి వారసురాలిగా తనదే కదా అని అల్లుడు కోర్టుకెక్కాడు. వ్యాజ్యం 1828 దాకా సాగింది. తీర్పు ఫ్రెండ్ పక్షానికే వచ్చింది కానీ, వినడానికి ఫ్రెండ్ లేరు. 1819లోనే వెళ్లిపోయారు.

ఇంకోవైపు పార్కర్, పాటర్ ఎదురు తిరిగి దైవదూషణ నేరం మోపారు. పట్టుకోవడానికి వచ్చిన అధికారి నుంచి మొదటిసారి ఫ్రెండ్ గుర్రం మీద తప్పించుకున్నారు. రెండోసారి నేతశాలలో పనిచేస్తున్న స్త్రీలు వచ్చినవాళ్ల బట్టలు చించి తరిమేశారు. మూడోసారి దాదాపు 30 మంది రాత్రివేళ ఇల్లు చుట్టుముట్టారు. కదిలిస్తే ప్రాణానికి ముప్పని వైద్యుడు చెప్పడంతో, కోర్టుకు హాజరవుతానన్న మాట తీసుకుని వెళ్లిపోయారు. 1800లో విచారణ జరిగింది. ఇది న్యూయార్క్ చట్టం కింద నేరం కాదని తేల్చిన కోర్టు, అక్కడే ఒక ప్రసంగం చేయమని ఫ్రెండ్‌ను కోరింది. 1795లో వచ్చి చూసిన ఫ్రెంచి ప్రభువు లా రోష్‌ఫూకో-లియాంకూర్ మాత్రం ఇదంతా బూటకమని రాసిపోయాడు. నీళ్ల మీద నడుస్తానని జనాన్ని పోగుచేశారన్న కథ కూడా ఇక్కడ ఏ గట్టున అడిగినా వినిపిస్తుంది. ఇలాంటి కథలు ఎక్కువగా ఎదిరిపక్షం నుంచే వచ్చాయి, వాటికి ఆధారాల్లేవు. ఫ్రెండ్ చివరి రోజులు గడిపిన కొయ్య ఇల్లు జెరూసలేంలో ఇంకా నిలిచి ఉంది. సమాధి ఎక్కడుందో చెప్పే గుర్తు ఏదీ పెట్టలేదు.

మిగిలిన వలసదారులు మతం కోసం రాలేదు. ఫెల్ప్స్, గోరమ్‌ల భూమి రాబర్ట్ మోరిస్ అనే వ్యాపారి చేతి మీదుగా 1791లో లండన్ పెట్టుబడిదారు విలియం పుల్టెనీ బృందానికి చేరింది. విదేశీయులకు న్యూయార్క్‌లో భూమి మీద హక్కు చెల్లదు. అందుకని వాళ్ల ఏజెంటు, స్కాట్లండ్‌కు చెందిన ఛార్లెస్ విలియమ్‌సన్, 1792లో అమెరికా పౌరసత్వం తీసుకుని 10 లక్షల ఎకరాలకు పైగా భూమిని తన పేరున పెట్టుకున్నాడు. మళ్లీ బినామీయే. పరలోకం గురించి ఆలోచించినవాళ్లూ, లాభం గురించి ఆలోచించినవాళ్లూ ఈ నేల మీద ఒకే ఉపాయం పన్నారు. విలియమ్‌సన్ రోడ్లు వేశాడు, మరలు, సత్రాలు కట్టాడు, గుర్రప్పందేలు కూడా పెట్టించాడు. అప్పు మీద భూమి అమ్మాడు. న్యూ ఇంగ్లండ్ నుంచి, పెన్సిల్వేనియా నుంచి, మేరీలాండ్ నుంచి రైతులు బండ్లు కట్టుకుని వచ్చారు. 1823లో ఒంటేరియో కౌంటీ నుంచి ఈ భాగాన్ని వేరుచేసి, అప్పటి గవర్నర్ జోసెఫ్ యేట్స్ పేరు పెట్టారు. తరవాత దక్షిణాన స్ట్యూబెన్ కౌంటీ నుంచి కొంత కలిపారు.

డ్రెస్డెన్ ఊరు క్యూకా నుంచి వచ్చే ఏరు సెనెకాలో కలిసే చోట ఉంది. ఊళ్లో చూడదగ్గది ఒక చిన్న ఇల్లు. దేవుణ్ణి నమ్మలేనని దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చిన రాబర్ట్ ఇంగర్‌సాల్ 1833లో పుట్టిందిక్కడ. తండ్రి చర్చి బోధకుడు. కొడుకు పుట్టిన కొద్దికాలానికే కుటుంబం ఊరు వదిలింది. అయినా దైవాత్మనని చెప్పుకున్న వ్యక్తి ఊరికి కూతవేటు దూరంలో అమెరికాలోకెల్లా పేరుమోసిన నాస్తికవాది పుట్టడం చరిత్ర వేసిన ఛలోక్తి. ఊరి పక్కనే గట్టున గ్రీనిడ్జ్ విద్యుత్ కేంద్రం కనిపిస్తుంది. ఒకప్పుడు బొగ్గుతో నడిచింది, మూతపడింది, 2017లో సహజవాయువుతో మళ్లీ మొదలైంది. ఆ తరవాత కరెంటులో ఎక్కువ భాగం బిట్‌కాయిన్ మైనింగ్ యంత్రాలకు మళ్లింది. సరస్సు నీటిని వాడుకుని వేడిగా వదలడం మీద, పొగ మీద ద్రాక్షతోటల వాళ్లూ గట్టు మీది వాళ్లూ ఏళ్లుగా పోరాడుతున్నారు. 2022లో రాష్ట్రం దాని గాలి కాలుష్యపు అనుమతిని తిరస్కరించింది, వ్యవహారం కోర్టులకు పోయింది.

డ్రెస్డెన్ నుంచి పెన్ యాన్‌కు రోడ్డున్నా, ఏటి వెంట నడిచి వెళ్లడమే బాగుంటుంది. క్యూకా మట్టం సెనెకా కన్నా దాదాపు 270 అడుగులు ఎత్తు, రెండింటి మధ్య దూరం 7 మైళ్ల లోపు. అంత తక్కువ దూరంలో అంత దూకుడు ఉంటే మరలు కట్టనివాడెవడు? పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఏటి మీద పిండిమరలు, రంపపు మరలు, గానుగలు, ఉన్ని ఏకే మరలు, కాగితపు మిల్లులు వరసగా నిలిచాయి. 1825లో ఈరీ కాలువ పూర్తయ్యాక గోధుమను నీటిదారిన న్యూయార్క్ నగరానికి పంపే అవకాశం వచ్చింది. సెనెకా సరస్సు ఆ కాలువతో కలిసింది. క్యూకాను కూడా కలపడానికి ఏటి పక్కనే 8 మైళ్ల కాలువ తవ్వి 1833లో తెరిచారు. ధవళేశ్వరం కాలువల మీద లాకులు చూసినవారికి దీని పని తెలుస్తుంది. అయితే ఆ కొద్ది దూరంలోనే పాతికకు పైగా లాకులు పెట్టాల్సివచ్చింది. పడవ దాదాపు ప్రతి అర కిలోమీటరుకూ ఆగాలి. కొయ్య లాకులు కుళ్లిపోయేవి, ఆదాయం మరమ్మతులకు చాలేది కాదు. 1877లో వదిలేశారు. కంచరగాడిదలు పడవలు లాగిన గట్టు మీద 1884లో రైలు పట్టాలు వేశారు. 1972లో ఆగ్నెస్ తుపాను వరద ఆ పట్టాలనూ కొట్టుకుపోయింది. స్థానికులు ఆ దారిని బాగుచేసి కాలిబాటగా మార్చారు. దారి పొడుగునా పాత లాకుల ఆనవాళ్లు, కూలిన మిల్లులు, రెండు జలపాతాలు ఉన్నాయి. కౌంటీ చరిత్రను ఇంత దగ్గరగా చూపించే దారి మరొకటి లేదు.

పెన్ యాన్ కౌంటీ ముఖ్యపట్టణం. పెన్సిల్వేనియా వాళ్లూ, న్యూ ఇంగ్లండ్ యాంకీలూ ఊరి పేరు మీద పట్టుబట్టి చెరి సగం పంచుకున్నారని చెబుతారు. ఏటి తలకట్టున 1797 నాటి బర్కెట్ మిల్లు ఇప్పటికీ ఆడుతోంది. అది ఆడించేది ముఖ్యంగా బక్‌వీట్, అంటే ఉత్తరాదిలో ఉపవాసాలకు వాడే కుట్టు. 1987లో ఈ ఊరివాళ్లు 28 అడుగుల వెడల్పు అట్టు పోశారు. ఆ పెనం మిల్లు గోడకు వేలాడుతూ ఉంటుంది. ఊరి చరిత్ర కేంద్రంలో ఫ్రెండ్ చిత్రపటం, వాడిన వస్తువులు దాచారు.

పెన్ యాన్ నుంచి దక్షిణానికి చూస్తే క్యూకా ఆకారం అర్థం కాదు. పటంలో చూస్తే అది పంగలకర్ర. రెండు పాయల మధ్య బ్లఫ్ పాయింట్ అనే కొండ ముక్కులా పొడుచుకు వచ్చి, నీటికి 700 అడుగుల ఎత్తున నిలుస్తుంది. ఆ కొన దగ్గర 1931లో ద్రాక్షసారా వ్యాపారి పాల్ గారెట్ చనిపోయిన కొడుకు పేరున రాతి చర్చి కట్టించాడు. పడమటి పాయ తలన ఉన్న బ్రాంచ్‌పోర్ట్ దగ్గర, వర్జీనియా నుంచి వచ్చిన భూస్వామి కుటుంబం 1838లో కట్టిన ఎస్పెరాంజా భవనం తెల్లటి స్తంభాలతో కనిపిస్తుంది.

ద్రాక్ష ఇక్కడికి దక్షిణపు కొన నుంచి పాకింది. క్యూకా చివర, పొరుగు కౌంటీలోని హామండ్స్‌పోర్ట్‌లో విలియం బోస్ట్‌విక్ అనే చర్చి పెద్ద 1829లో తన తోటలో తీగలు నాటాడు. పడమటి రాష్ట్రాల చౌక గోధుమ వచ్చి, పైరుకు పురుగు పట్టి, గోధుమ దెబ్బతిన్నాక రైతులు ఏటవాలు నేలల మీదికి ద్రాక్షను ఎక్కించారు. నాగలికి లొంగని చోట తీగ పండింది. ఆవిరి పడవలు గట్టు గట్టునా ఆగి ద్రాక్ష బుట్టలను రైలుకు చేర్చేవి. 1920లో వచ్చిన మద్య నిషేధం సారాను ఆపింది కానీ తోటలను చంపలేదు. తినే పండుకూ, రసానికీ గిరాకీ మిగిలింది. అసలు దెబ్బ 1970ల చివర, 80లలో తగిలింది. పెద్ద కంపెనీలు స్థానికపు ద్రాక్ష కొనడం తగ్గించాయి, ధర పడిపోయింది, రైతులు తీగలు పీకేశారు. అప్పటికే రెండు మార్పులు జరిగి ఉండటం అదృష్టం. ఉక్రెయిన్ నుంచి వచ్చిన కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్, ఐరోపా ద్రాక్ష ఈ చలికి బతకదన్న పండితుల మాట తప్పని, చలికి తట్టుకునే వేళ్ల మీద అంటుకట్టి క్యూకా గట్టున రుజువు చేశాడు. 1976లో వచ్చిన రాష్ట్ర చట్టం చిన్న రైతు తన తోటలోనే సారా తీసి నేరుగా అమ్ముకోవడానికి దారి తెరిచింది. మరుసటి ఏడే డండీ దగ్గర గ్లెనోరా, 1979లో హెర్మన్ వీమర్ తోట మొదలయ్యాయి. ఈ గట్లకు ఇప్పుడున్న పేరు ఎక్కువగా రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష తెచ్చిపెట్టిందే.

నైరుతి కొండల కథ వేరు. ఇటలీ టౌన్‌లో అడవి నరికి, గొర్రెలు మేపి, రాళ్ల మట్టిని రెండు మూడు తరాలు దున్నాక నేల అరిగిపోయింది. మిషిగన్, ఇంకా పడమటి నేలలు పిలిచాయి. 1850లో 20 వేలు దాటిన కౌంటీ జనాభా 1920 నాటికి 17 వేల లోపుకు దిగింది. వదిలేసిన పొలాల్లో అడవి మళ్లీ లేచింది. కొంత భాగం ఇప్పుడు రాష్ట్రపు వన్యప్రాణి క్షేత్రం. చెట్ల మధ్య నడిస్తే పాత కంచె గోడలు తగులుతాయి. అక్కడి నుంచి ఉత్తరాన, మిడిల్‌సెక్స్ టౌన్‌లో, కెనన్‌డేగ్వా గట్టున బేర్ హిల్ ఉంది. తమ పూర్వీకులు ఈ చుట్టుపట్ల కొండ లోంచే పైకి వచ్చారని సెనెకాలు చెబుతారు. ఊరిని చుట్టేసి మనుషుల్ని మింగిన మహాసర్పం, బాలుడి బాణం తగిలి కొండ మీద నుంచి దొర్లిపోగా చెట్లు నలిగి కొండ బోడిదైందట. నేడు ఈ కౌంటీలో సెనెకాల రిజర్వేషను ఒక్కటీ లేదు. వాళ్ల ఊళ్లు చాలా పడమట, ఎలెగెనీ, క్యాటరాగస్, టోనవాండాల్లో ఉన్నాయి.

ఖాళీ అవుతున్న పొలాలకు కొత్త రైతులు 1974లో వచ్చారు. వాళ్లు పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీకి చెందిన గ్రోఫ్‌డేల్ శాఖ మెనొనైట్లు అనే క్రైస్తవ వర్గం వారు. అక్కడ ఇళ్ల స్థలాల కోసం, పర్యాటకం కోసం భూమి ధర ఆకాశానికి ఎక్కింది. పదిమంది పిల్లలున్న ఇంట్లో ప్రతి కొడుక్కీ పొలం కొనివ్వడం సాధ్యం కాలేదు. ఇక్కడేమో వారసులు లేక, అప్పులు తీర్చలేక పాడి రైతులు అమ్ముకుంటున్నారు. నేల సున్నపునేల, ధర అందులో సగం కూడా లేదు. మొదట కొద్ది కుటుంబాలు, తరవాత వందలు. బెంటన్, మైలో, బారింగ్టన్ రోడ్ల మీద నల్లటి గుర్రపు బండ్లు కనిపించేది అందుకే. ఇంట్లో జర్మన్ యాస మాట్లాడతారు, కారు కొనరు, సైకిల్ తొక్కుతారు. ట్రాక్టరు వాడతారు కానీ దానికి రబ్బరు టైర్లు ఉండకూడదు, ఇనుప చక్రాలే ఉండాలి. టైర్లుంటే అదే రేపు కారులా ఊరెళ్లడానికి పనికొస్తుందని వాళ్ల సంఘపు లెక్క. బడి ఎనిమిదో తరగతి వరకే, వాళ్లే కట్టుకున్న ఒంటిగది బళ్లలో. 1972లో సుప్రీం కోర్టు, వీళ్లలాంటి ఆమిష్ వర్గపు తల్లిదండ్రుల కేసులో ఇచ్చిన తీర్పు దీనికి రక్షణ. వీళ్లు పాడి, కూరగాయలు, గ్రీన్‌హౌసులు, వడ్రంగం మీద బతుకుతారు. రాష్ట్రమంతటా పొలాల సంఖ్య తగ్గుతూ వచ్చినా ఇక్కడ చాలాకాలం తగ్గకపోవడానికి వీళ్లే ప్రధాన కారణం. 1987లో పెన్ యాన్‌కూ డండీకీ మధ్య 14ఏ రోడ్డు పక్కన విండ్‌మిల్ అనే శనివారపు సంత మొదలైంది. మెనొనైట్ల రొట్టెలు, జున్ను, కొయ్య సామాను, పక్కనే సారా దుకాణాలు. దీక్షగా సాదాగా బతికేవారూ, మద్యం అమ్మేవారూ ఒకే సంతలో సర్దుకుపోతున్నారు. మతం పేరున ఇక్కడికి వచ్చిన రెండో సమూహమిది. మొదటి సమూహం బ్రహ్మచర్యం బోధించి అంతరించింది, రెండోది పిల్లలకు పొలాలు వెతుక్కుంటూ వచ్చింది. ఈసారి ఎవరి పొలం పట్టా వాళ్ల పేరునే ఉంది.

చూడదలచినవారు మే నుంచి అక్టోబరు దాకా ఎప్పుడైనా రావచ్చు. ద్రాక్ష కోత కావాలంటే సెప్టెంబరు మంచిది. సంత శనివారమే, ఆదివారం మెనొనైట్ దుకాణాలన్నీ మూసి ఉంటాయి. రోడ్డు మీద గుర్రపు బండి కనిపిస్తే వేగం తగ్గించి ఎడంగా దాటాలి. వాళ్ల ముఖాలు ఫొటో తీయడం వాళ్లకు ఇష్టం ఉండదు. ఫ్రెండ్ ఇల్లు ప్రైవేటు ఆస్తి కాబట్టి రోడ్డు మీద నుంచే చూడాలి.